ఇరవై ఎనిమిదో రాయి

కారున్న మనిషిని వయసు అడగొచ్చు, జీతం అడగొచ్చు, అల్లుడి ఉద్యోగం ఊడిందటగా అని కూడా అడగొచ్చు. నిజమే చెబుతాడు. మైలేజీ ఎంతిస్తుందని మాత్రం అడగకూడదు. అడిగితే అబద్ధం చెబుతాడని కాదు, మర్యాద పాటిస్తాడు.

వీరమల్లవరంలో ఆ మర్యాద చాలా పాతది. గడియారస్తంభం పక్కన సన్యాసిరావు టీ కొట్టు ముందు రోజూ పొద్దున్నే చక్రమిత్ర మండలి సమావేశమవుతుంది. సభ్యత్వానికి ఒక కారూ, రెండు గంటల తీరికా ఉంటే చాలు. ఏ కంపెనీ ఏ బండి దింపుతోంది, కరెంటు కార్లు మన ఎండలకి ఆగుతాయా, పైకప్పుకి కిటికీ ఉన్న కారు కొంటే కాకులు ఊరుకుంటాయా, క్లచ్చి మీద కాలు ఆనించి నడిపేవాణ్ణి ఏ సెక్షను కింద లోపలెయ్యాలి, ఇలాంటి దేశానికి పనికొచ్చే విషయాలన్నీ అక్కడే తేలుతుంటాయి. ఎక్కడ మొదలైనా, చుట్టూ తిరిగి మాట మైలేజీ దగ్గరికొచ్చి ఆగుతుంది.

మండలి వాళ్ళకి ఒక ఆచారం ఉంది. కారు లీటరుకి ఎంతిస్తే దానికి రెట్టింపు చెప్పాలి. ఎవరూ పెట్టిన నియమం కాదది. విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి ఇంకో గరిటె వేసుకోమనడం లాంటిది. వినేవాడూ వెర్రివాడు కాడు. విన్నదాన్ని మనసులో సగం చేసుకుని, పైకి "అబ్బో!" అంటాడు. చెప్పేవాడు రెట్టింపు చేస్తాడు, వినేవాడు సగం చేస్తాడు, లెక్క సరిపోతుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు. వీరమల్లవరమనే కాదు, ఆ జిల్లా అంతటా ఇదే పద్ధతి. ఇన్నేళ్ళలో ఒక్కడైనా మోసపోయిన దాఖలా లేదు.

మండలికి పెద్ద ఆకెళ్ళ దక్షిణామూర్తి. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఊళ్ళో సగం మందికి భాగహారం ఆయన బెత్తం భయానికే వచ్చింది. ఆయన కారు లీటరుకి పద్నాలుగు కిలోమీటర్లిస్తుంది. ఇరవై ఎనిమిదని చెబుతాడు. చెప్పేటప్పుడు తల కాస్త పక్కకి వాల్చి, ఒక కన్ను సగం మూసి, "ఏసీ వేసుకుని" అని చేరుస్తాడు.

ఆ రోజూ అలాగే చేర్చాడు. కాకపోతే పక్క బల్ల మీద ఒక పరాయి మనిషి కూర్చుని టీ తాగుతున్నాడు.

ఆయన పేరు పరాంకుశం. జిల్లా ఇంధన సంయమన ప్రాధికార సంస్థకి కొత్తగా వచ్చిన డైరెక్టరు. ఆ సంస్థ ఏం చెయ్యడానికి పుట్టిందో అప్పటికి సంస్థకే తెలియదు. గదులున్నాయి, ఫ్యాన్లున్నాయి, జీపుంది, పని ఒక్కటే ఇంకా రావాలి. అలాంటి సమయంలో ఆయన చెవిన ఈ మాట పడింది.

"ఇరవై ఎనిమిదా?" అన్నాడాయన, గ్లాసు బల్ల మీద పెట్టి. "ఏసీ వేసుకునా?"

"ఏసీ వేసుకునే," అన్నాడు దక్షిణామూర్తి.

"మేష్టారిది పాత బండి సార్, అందుకే అంత తక్కువ," అన్నాడు బట్టల కొట్టు వీర్రాజు. "మాది ముప్పై నాలుగు."

పళ్ళ డాక్టరు నళినీకుమార్ ఊరుకుంటాడా? "నాది ముప్పై ఆరు. వంతెన దిగేటప్పుడు ఇంజను ఆపేస్తాను. అది మన అలవాట్లలో ఉంటుందండీ."

పరాంకుశం టీ చల్లారిపోయింది. పాపం, ఆయన బాగా చదువుకున్నవాడు. విన్నదాన్ని సగం చేసుకోవాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

పదిహేను రోజులు తిరక్కుండా మునిసిపల్ హాల్లో సభ పెట్టారు. కార్లున్నవాళ్ళంతా కుటుంబాలతో రావాలని చాటింపు. జనం వచ్చారు, ఉప్మా కూడా పెట్టారు. పరాంకుశం మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"వాహన యజమానులారా! ఇన్నాళ్ళూ కంపెనీలవారు ఎవరూ తిరగని రోడ్డు మీద, గాలి సైతం అనుమతి పొంది వీచే ప్రదేశమందు తమ వాహనాలను నడిపి, ఒక అంకెను మన నెత్తిన రుద్దుతూ వచ్చారు. ప్రజాస్వామ్యంలో అంకెలు సైతం ప్రజల నుంచే ఆవిర్భవించవలసి ఉన్నది. కావున నేటి నుంచి ఈ జిల్లాలో ప్రజా ప్రకటిత మైలేజీ విధానం అమల్లోకి వస్తున్నది. ప్రతి పౌరుడూ తన వాహనం లీటరుకి ఎంత ఇచ్చునో తానే, స్వచ్ఛందంగా, నిర్భయంగా, ఈ మైకు నందు ప్రకటించును. ప్రకటించిన దానిని సంస్థ సవినయంగా విశ్వసించును."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. సర్కారు మనల్ని నమ్ముతానంటే ఎవరికి మాత్రం సంతోషం కాదు? నమ్మిన తర్వాత ఏం చేస్తారని అడగడం ఒక్కటే అందరూ మరిచిపోయారు.

ఒక్కొక్కరే లేచారు. వీర్రాజు ముప్పై నాలుగన్నాడు. చప్పట్లు. నళినీకుమార్ ఊళ్ళోవాళ్ళ ముందు ఇంకో రెండు కలిపి ముప్పై ఎనిమిదన్నాడు. ఇంకా ఎక్కువ చప్పట్లు. దక్షిణామూర్తి మైకు దగ్గరికొచ్చేసరికి ఎందుకో 'పద్నాలుగు' అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఎదురుగా మూడు వరసల నిండా తన పాత శిష్యులే. వాళ్ళ పెళ్ళాలు, పిల్లలు, బావమరుదులు. "ఇరవై ఎనిమిది," అన్నాడు. "ఏసీ వేసుకుని." శిష్యులు లేచి నిలబడి కొట్టారు చప్పట్లు. ఆడవాళ్ళ వరసలో ఆయన భార్య వర్ధని మాత్రం చేతిసంచీ జిప్పు పట్టేస్తే దాన్ని లాగుతూ కూర్చుంది.

మర్నాటి నుంచి పెట్రోలు కొలత మొదలైంది. ఎక్కడికెళ్ళాలో సంస్థకి చెప్పాలి. దూరాన్ని ప్రకటిత మైలేజీతో భాగించి, వచ్చినన్ని లీటర్లు బంకులో పోస్తారు. అంతకు ముందు ట్యాంకులో ఉన్నది ఆఖరి చుక్క దాకా పీల్చేస్తారు. పోశాక మూతకి లక్క సీలు. సీసాల్లో అమ్మడం నేరం, పక్కింటివాణ్ణి అరువడగడం ఇంకా పెద్ద నేరం.

దాంతో జిల్లాలో ఒక వింత పుట్టింది. కార్లన్నీ ఎక్కడికి బయల్దేరినా కచ్చితంగా సగం దారిలో ఆగిపోయేవి. బజారుకి బయల్దేరినవాడు బజారుకి సగంలో, గుడికి బయల్దేరినవాడు గుడికి సగంలో. ఆఫీసుకి బయల్దేరినవాడు కూడా సగంలోనే ఆగేవాడు గానీ దానివల్ల ఎవరికీ నష్టం కలిగినట్టు కనబడలేదు. రోడ్ల మీద తోసేవాళ్ళ సందడి పెరిగింది. తోస్తూ కూడా "బండి బావుందండీ, ఎంతిస్తుంది?" అని అడిగేవారు. స్టీరింగు పట్టుకున్నవాడు "ముప్పై" అనేవాడు. తోసేటప్పుడు పెట్రోలు కాలదు గనక ఆ మాట ఆ కాసేపూ నిజం కూడా అయ్యేది.

తమ బండి ఆగిందని మాత్రం ఎవడూ ఒప్పుకోలేదు. 'చల్లగాలికి ఆగాం' అనేవారు. పొరుగూరి పెళ్ళికి బయల్దేరినవాడు సాయంత్రానికి తిరిగొచ్చి, "వంటలు బ్రహ్మాండం, వంకాయ మాత్రం కాస్త ఉడకలేదు" అని టీ కొట్టు దగ్గర వర్ణించేవాడు. వినేవాళ్ళు అలవాటు కొద్దీ సగమే నమ్మేవారు.

పరాంకుశం పై వాళ్ళకి నివేదిక పంపాడు. ప్రయాణాల సంఖ్య తగ్గలేదు, పెట్రోలు ఖర్చు సగానికి పడిపోయింది, ఇది జిల్లా పౌరుల చోదక సంస్కారంలో సంభవించిన మహత్తర పరివర్తన అని అందులో రాశాడు. పై వాళ్ళు ఉబ్బితబ్బిబ్బయ్యారు. పక్క జిల్లాల నుంచి బృందాలు అధ్యయనానికొచ్చాయి, వాళ్ళ కార్లనీ వీళ్ళే తోసి పంపారు. ఇంతటి ఉద్యమానికి తొలి పలుకు పలికిన దక్షిణామూర్తికి మైలేజీ రత్న బిరుదు ప్రకటించారు.

బిరుదు మాట చెవిన పడ్డ రాత్రి దక్షిణామూర్తికి కునుకు పట్టలేదు. మనిషి చెడ్డవాడు కాడు. బెంచీ మీద పుట్టిన మర్యాద ఇలా మెడకి చుట్టుకుంటుందని ఆయన అనుకోలేదు. తెల్లారగానే సంస్థ ఆఫీసుకి వెళ్ళాడు.

"చిన్న సవరణ ఉందండీ," అన్నాడు.

"పెంపా, తగ్గింపా?" అన్నాడు పరాంకుశం ఉత్సాహంగా.

"తగ్గింపండీ."

పరాంకుశం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "తగ్గింపు అను పదం మన మార్గదర్శకాల్లో లేదు మేష్టారూ. పతనం అని ఉన్నది. నిన్నటి వరకు ఇరవై ఎనిమిది ఇచ్చిన వాహనం నేడు తక్కువ ఇచ్చుచున్నదనగా, దోషం ఎవరిది? వాహనం నిర్జీవ పదార్థం. దానికి దురుద్దేశం ఉండదు. కావున దోషం చోదకుని అలవాట్లది. అట్టివారిని మా అలవాట్ల సంస్కరణ కేంద్రంలో చేర్చుకుని, పూర్వపు మైలేజీ పునఃప్రాప్తించు వరకు వాహనాన్ని సంస్థ సంరక్షణలో ఉంచుతాం."

"పూర్వం కూడా అంత ఇవ్వలేదేమోనండీ..."

"అసంభవం! మీరే ప్రకటించారు. జనం చప్పట్లు కూడా కొట్టారు."

కిటికీలోంచి సంస్కరణ కేంద్రం కనిపిస్తోంది. పెరట్లో బల్లల మీద ఓ డజను మంది కూర్చుని, చేతులతో లేని స్టీరింగు తిప్పుతూ, కాళ్ళతో లేని క్లచ్చి మెల్లగా వదులుతున్నారు. ముందు వరసలో సబ్ రిజిస్ట్రారు గారు. "ఇంకా మెల్లగా! ఇంకా సుతారంగా!" అని ఒకాయన ఈల వేస్తున్నాడు. సబ్ రిజిస్ట్రారు గారు ఇటు చూసి సిగ్గుతో తల వంచుకున్నారు. దక్షిణామూర్తి నమస్కారం పెట్టి వచ్చేశాడు.

ఆ రోజు మధ్యాహ్నమే నందిగుంట నుంచి ఫోనొచ్చింది.

నందిగుంట యాభై ఆరు కిలోమీటర్లు. అక్కడ వర్ధని అక్క మాణిక్యాంబ ఉంటుంది. తల్లి పోయినప్పుడు వర్ధనికి నాలుగేళ్ళు. తలదువ్వి, జడేసి, అన్నం కలిపి పెట్టి పెంచింది ఆ అక్కే. ఆవిడకి ఒక కన్ను ఏనాడో పోయింది. ఉన్న ఒక్క కంటికీ శుక్లం కమ్మి రెండేళ్ళుగా మనుషుల్ని గొంతు బట్టి గుర్తుపడుతోంది. ఆ సాయంత్రమే ఆపరేషను. మర్నాడు సాయంత్రం నాలుగింటికి కట్టు విప్పుతారు.

"విప్పగానే ముందు నీ మొహమే చూడాలే వర్ధనీ," అంది ఫోన్లో. "చూపొస్తుందో రాదో. వస్తే మాత్రం ముందు నువ్వు కనబడాలి. వస్తావా?"

"కారుందిగా అక్కా, ఎందుకు రాను?" అంది వర్ధని.

వర్ధని మోకాళ్ళు బస్సు మెట్టెక్కడం మానేసి చాలా కాలమైంది. టాక్సీలు మాట్లాడదామా అంటే టాక్సీవాళ్ళు ప్రకటించిన మైలేజీలు ఇంకా ఘోరం. మిగిలింది ఇంట్లో ఉన్న కారే. బిరుదు సభ కూడా మర్నాడే, సాయంత్రం ఆరింటికి. "నాలుగింటికి కట్టు విప్పడం చూసి, ఆరింటికల్లా వచ్చెయ్యొచ్చు కదండీ," అంది వర్ధని, భర్త మొహంలోకి చూడకుండా. "ఆఁ," అన్నాడు దక్షిణామూర్తి.

బంకులో యాభై ఆరుని ఇరవై ఎనిమిదితో భాగించి రెండు లీటర్లు పోసి సీలు వేశారు. భాగహారం తప్పు లేదు. కారు ఎక్కడ ఆగుతుందో లెక్కలు తెలిసిన మనిషికి ఇంకొకరు చెప్పక్కర్లేదు. నందిగుంట రోడ్డులో ఇరవై ఎనిమిదో కిలోమీటరు రాయి దగ్గర. చుట్టూ మినుము చేలు, ఒక తుమ్మచెట్టు. పెళ్ళాంతో నిజం చెప్పెయ్యాలని రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ "టైర్లలో గాలి చూడాలి" అన్న మాటే బయటికొచ్చింది.

మర్నాడు ఒంటిగంటకి బయల్దేరారు. దక్షిణామూర్తి తనకి తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాడు. చెప్పులు విడిచి, పాదం బరువు తగలకుండా బొటనవేలితో నొక్కాడు. పల్లం కనబడితే ఇంజను ఆపేశాడు. స్టెప్నీ ఇంట్లోనే దింపేసి వచ్చాడు. లారీ వెనకపడి దాని గాలి చాటున పోయాడు. మండలిలో ఏళ్ళ తరబడి చెప్పుకున్న కబుర్లన్నీ ఆ పూట నిజంగా చేసి చూశాడు.

"ఏసీ వెయ్యరా?" అంది వర్ధని, కొంగుతో మెడ తుడుచుకుంటూ.

"పైరుగాలి ఆరోగ్యానికి మంచిది."

"ఏసీ వేసుకునే ఇరవై ఎనిమిదిస్తుంది కదండీ మనది?"

దక్షిణామూర్తి ముందున్న లారీకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. ఇరవై ఆరో రాయి దాటింది. ఇరవై ఏడు దాటింది. బండి దగ్గింది, మళ్ళీ దగ్గింది, ముక్కి మూలిగి, ఇరవై ఎనిమిదో రాయి పక్కన పసుపు గీతకి ఆనుకుని ఆగిపోయింది. విద్యలన్నీ కలిసి బండిని రాయి దాటించింది రెండు బారలు.

ఆయన స్టీరింగు మీద చేతులుంచి ముందుకే చూస్తూ కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయనకి అంత సిగ్గేసిన రోజు లేదు. వర్ధని వెనక సీట్లోంచి సంచీ లాక్కుని, రెండు అరిటాకు ముక్కలూ, ఒక డబ్బా తీసింది.

"పులిహోర," అంది. "తినండి, పొద్దున్న కూడా ఏం తినలేదు."

"ఇప్పుడు పులిహోరేమిటి?"

"ఇక్కడ ఆగుతామని కలిపా. లెక్కల మేష్టారి పెళ్ళాన్ని, ఈ మాత్రం భాగహారం రాదనుకున్నారా?"

"తెలిసీ ఎందుకు బయల్దేరావే?"

"ఇంట్లో కూచుంటే సగం కూడా రాదుగా," అంది వర్ధని. "సగం దాకా వచ్చేస్తే, మిగతా సగం మీరే ఎలాగో చూస్తారనుకున్నా."

ఆ మాటకి ఆయన పులిహోర ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాడు. కారు దిగి అప్పుడు చుట్టూ చూశాడు. తుమ్మచెట్టూ లేదు, మినుము చేలూ లేవు. అదొక ఊరు!

రోడ్డుకి రెండు వైపులా కార్లు బారులు తీరి ఉన్నాయి. వీరమల్లవరం వైపు నుంచి వచ్చి ఆగినవి ఇటు, నందిగుంట వైపు నుంచి వచ్చి ఆగినవి అటు. ఎవరి మైలేజీ ఎంతైనా అందరూ రెట్టింపే చెప్పారు గనక అందరూ ఇక్కడే ఆగారు. మిర్చిబజ్జీల బండి, భోజనం హోటలు, క్షౌరశాల వెలిశాయి. తాటాకు పందిట్లో పెళ్ళిచూపులు జరుగుతున్నాయి. పిల్లవాడి వాళ్ళు అటు నుంచి, పిల్ల వాళ్ళు ఇటు నుంచి వచ్చారు. వీర్రాజు కారు డిక్కీ తెరిచి నందిగుంట బేరగాళ్ళకి చీరలు చూపిస్తున్నాడు. మొన్ననే ఈయన "నందిగుంటలో మనవాళ్ళు వదిలితేగా మేష్టారూ, రెండు పూటలా భోజనం పెట్టారు" అని చెప్పాడు. నళినీకుమార్ కుర్చీ వేసుకుని ఎవరిదో పన్ను పీకుతున్నాడు. ఇద్దరూ మేష్టారిని చూసి చూడనట్టు తిరిగారు.

అన్నిటికీ మధ్య ఒక షామియానా. దాని మీద 'గమ్యస్థాన ధ్రువీకరణ కేంద్రం' అని బోర్డు. లోపల పరాంకుశం. ఆయన జీపు పక్కనే ఉంది. సర్కారు జీపు మైలేజీ ఎవరూ ప్రకటించలేదు గనక దానికెప్పుడూ ట్యాంకు నిండుగానే ఉంటుంది.

"రండి మేష్టారూ, రండి! నందిగుంటకి సుస్వాగతం!"

"ఇది నందిగుంట కాదండీ," అన్నాడు దక్షిణామూర్తి.

"భౌగోళికంగా కాకపోవచ్చు. సీలు పరిశీలించాం, రెండు లీటర్లూ వినియోగమైనవి. లీటరుకి ఇరవై ఎనిమిది చొప్పున మీరు యాభై ఆరు కిలోమీటర్లు ప్రయాణించి ఉన్నారు. నందిగుంట యాభై ఆరో కిలోమీటరు వద్ద ఉన్నది. కావున మీరు నందిగుంటలో ఉన్నారు. లెక్కల మేష్టారికి నేను లెక్క చెప్పాలా?"

"అక్కడ మా వదినగారికి కట్టు విప్పుతారండీ. నాలుగింటికి మేముండాలి."

"ఉన్నారు కదా!"

దక్షిణామూర్తికి ఒళ్ళు మండింది. పరాంకుశం మీద కాదు, తన మీద. షామియానా బయటికొచ్చి, బజ్జీలు తినేవాళ్ళకీ, పెళ్ళిచూపుల వాళ్ళకీ, మండలి సభ్యులకీ అందరికీ వినబడేలా అరిచాడు. "మా కారు పద్నాలుగే ఇస్తుంది! మొదటి నుంచీ పద్నాలుగే! అదీ ఏసీ లేకుండా!"

పెళ్ళికొడుకు తండ్రి కాఫీ గ్లాసు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు. వీర్రాజు పరిగెత్తుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "మేష్టారూ, ఏంటండీ ఆ మాటలు! ఆడవాళ్ళున్నారు!"

పరాంకుశం మాత్రం చిరునవ్వు చెరగకుండా దగ్గరికొచ్చి వీపు తట్టాడు. "ప్రయాణ బడలిక. యాభై ఆరు కిలోమీటర్లంటే మాటలా! ఈ పలుకులను సంస్థ విననట్లు పరిగణించును. ఆరింటికి సన్మానం ఉన్నది. నందిగుంట నుంచి తిరుగు ప్రయాణానికి రెండు లీటర్లు పోయించి ఇస్తాను, ఎక్కువ విశ్రాంతి తీసుకోక బయల్దేరండి."

అప్పుడర్థమైంది దక్షిణామూర్తికి, ఇన్నాళ్ళూ వీళ్ళంతా ఇళ్ళకెలా చేరుతున్నారో. తిరుగు పెట్రోలు ఇచ్చినచోట పోయించుకోవడం, బండి వెనక్కి తిప్పడం, ఇంటికి పోయి వంకాయ ఉడకలేదని చెప్పడం! జిల్లాలో కారున్నవాడెవడూ నెలల తరబడి ఏ ఊరూ చేరలేదు.

సంస్థ మనిషొకడు రెండు లీటర్లు కొలిచి పోశాడు. రెండు లీటర్లంటే ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. వెనక్కి పోతే ఇల్లు, శాలువా, బిరుదు. ముందుకి పోతే వర్ధని అక్క. ముందుకి పోతే ఇక తిరిగి రావడానికి చుక్క దొరకదు, ఎందుకంటే కాగితాల ప్రకారం అప్పటికి ఆయన ఇంట్లో ఉంటాడు.

ఆయన డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. వర్ధని పులిహోర డబ్బాకి మూత పెట్టి సంచీలో సర్దింది. బండి ముక్కు నందిగుంట వైపే ఉంది. ఆ రాయి దగ్గర అందరూ స్టీరింగు తిప్పేస్తారు. ఆయన తిప్పలేదు.

"మేష్టారూ!" పరాంకుశం షామియానాలోంచి పరిగెత్తుకొచ్చాడు. "ఇల్లు అటు కాదండీ!"

దక్షిణామూర్తి కిటికీలోంచి తల బయటపెట్టాడు. "నందిగుంట వచ్చేశాం కదండీ! ఊళ్ళో కాస్త తిరిగొస్తాం!"

నందిగుంట కళ్ళాసుపత్రి గేటు ముందు బండి చివరిసారి దగ్గి ఆగేసరికి నాలుగవడానికి ఇంకా పావుగంట ఉంది. వర్ధని మోకాళ్ళు పట్టుకుని లోపలికెళ్ళి అక్క మంచం ఎదురుగా నిలబడింది. నర్సు కట్టు విప్పింది. మాణిక్యాంబ కన్ను మెల్లగా తెరిచి, నీళ్ళు కారుతుంటే మూసి, మళ్ళీ తెరిచింది. చాలాసేపు చూసింది.

"ఇంత ముసలిదానివి ఎప్పుడయ్యావే?" అంది.

వర్ధని ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. అక్క చెల్లెలి నెరిసిన జుట్టు చెవి వెనక్కి తోసి, జడ సరిగ్గా వేసుకోలేదని తిట్టింది. గుమ్మం దగ్గర నిలబడ్డ దక్షిణామూర్తికి కూడా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బిరుదులెన్నొచ్చినా ఆయనకి ఇంత సంతోషం కలిగేది కాదు. ఆ మాట ఆయన దాచుకోలేదు కూడా.

బిరుదు మాత్రం రావడం మానలేదు. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. రికార్డు ప్రకారం దక్షిణామూర్తి సాయంత్రానికే ఇంటికి చేరుకున్నారు గనక, సభకి రాలేకపోయిన ఆయన్ని స్వగృహంలోనే సన్మానించారట. ఫొటోలో పరాంకుశం తాళం వేసిన తలుపుకి శాలువా కప్పుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు.

"ఇంట్లో ఉన్నవాళ్ళకి తిరుగు పెట్రోలు ఎవరిస్తారు? ఇక ఇక్కడే ఉండండి," అంది మాణిక్యాంబ, ఎవరో చదివి పెడితే విని. ఆవిడకి సంస్థ మీద ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది.

సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు మాణిక్యాంబ భర్త వెంకటప్పయ్య రెండు గ్లాసుల కాఫీ పట్టుకొచ్చాడు. పెద్దాయన కూడా కార్ల పిచ్చోడే. నందిగుంట సంతలో ఆయనకీ ఒక మండలి ఉంది. ఆసుపత్రి నుంచి తోయించుకొచ్చిన బండి చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, టైరు ఒకటి కాలితో తన్ని చూసి, వచ్చి పక్కన కూర్చున్నాడు.

"బండి బావుంది మేష్టారూ. ఎంతిస్తుందేంటి?"

దక్షిణామూర్తి గుమ్మం వైపు చూశాడు. వర్ధని అక్క చేత జడ వేయించుకుంటూ ఇటే చూస్తోంది. ఆయన తల వాల్చలేదు, కన్ను మూయలేదు.

"పద్నాలుగు," అన్నాడు.

వెంకటప్పయ్య మొహం వాడిపోయింది. మర్యాద తెలిసిన మనిషి, విన్నదాన్ని మనసులో సగం చేసుకున్నాడు. తన గ్లాసు పక్కన పెట్టి, తోడల్లుడి భుజం మీద జాలిగా చెయ్యి వేశాడు.

"ఏడేనా!" అన్నాడు. "పోన్లెండి, ఎవరికీ చెప్పను."